కుక్కపిల్లకి క్రేట్ అలవాటు చేయడం ఎలా: డెల్టా ఇళ్లకు సరిపడే పద్ధతి

రెండు నెలల కుక్కపిల్లని ఇంటికి తెచ్చిన రోజే క్రేట్‌లో, అంటే పడుకోవడానికి కొనే బోనులో పెట్టి గడియ వేస్తే అది రాత్రంతా ఏడుస్తుంది. ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. తెల్లారేసరికి "పాపం, పసిదాన్ని అలా బంధిస్తారేంటర్రా" అని పెద్దవాళ్లు తలుపు తీసేస్తారు. మూడో రోజుకి క్రేట్ అటకెక్కుతుంది. ఇందులో పిల్ల తప్పూ లేదు, పెద్దవాళ్ల తప్పూ లేదు, పనులు జరిగిన వరస తప్పు. తలుపు వేయడం ఈ పనిలో మొదటి మెట్టు కాదు, దాదాపు చివరిది. అంతకుముందు జరగాల్సినవి సక్రమంగా జరిగితే రెండు మూడు వారాల్లో పిల్ల తనంతట తానే లోపలికి పోయి పడుకుంటుంది.

అలవాటైతే ఒనగూరేవి చాలానే ఉన్నాయి. పడుకునే చోటు తడపకూడదన్న బుద్ధి కుక్కకి పుట్టుకతో ఉంటుంది కాబట్టి పాసు, దొడ్డికి బయటికెళ్లడం తొందరగా వస్తుంది. మీ కన్ను పడనప్పుడు ఫ్రిజ్ వైరు కొరకదు. డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్లడం సులువు. వరదొచ్చి లంకల్లోంచి గట్టు మీదికి సర్దుకోవాల్సి వచ్చినా గాభరా లేకుండా వెంట వస్తుంది.

ఎంత క్రేట్, ఎలాంటిది

పిల్ల లోపల తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. అంతకు మించి పెద్దది వద్దు. ఎక్కువ చోటుంటే ఒక మూల పాసు పోసి, ఇంకో మూల హాయిగా పడుకుంటుంది. అప్పుడు క్రేట్ కొన్న ప్రయోజనమే పోతుంది.

పెరిగాక ఎంతవుతుందో చూసి కొనండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి 4 అంగుళాలు కలపండి, అది పొడవు. కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా కొలిచి 4 అంగుళాలు కలపండి, అది ఎత్తు. మామూలుగా పామరేనియన్, షిట్జూ లాంటివాటికి 24 అంగుళాలు, మన ఊరకుక్క జాతికి 36, లాబ్రడార్‌కి 42 సరిపోతాయి. జర్మన్ షెపర్డ్ మగదైతే 48 దాకా పోవాల్సి రావచ్చు. లాబ్రడార్ పిల్లకి ఇప్పుడు చిన్నదీ, ఆర్నెల్లకి పెద్దదీ కొనక్కర్లేదు. మధ్యలో అడ్డు పలక వచ్చే 42 అంగుళాలది ఒకేసారి తీసుకుని, పిల్ల పెరిగేకొద్దీ పలకని వెనక్కి జరపండి. పలక రాకపోతే ప్లైవుడ్ ముక్క కోయించి కేబుల్ టైలతో గట్టిగా బిగించవచ్చు. అంచులు మాత్రం ఇసక కాగితంతో నున్నగా రుద్దాలి.

డెల్టాలో తీగ క్రేట్ మేలు. ప్లాస్టిక్‌ది ప్రయాణానికి బాగుంటుంది గానీ మే నెల ఉక్కలో లోపల గాలి ఆడదు. తీగ క్రేట్‌కి తుప్పు బెడద ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికైతే మరీనూ. అడుగు ట్రే రేకుది కాకుండా ప్లాస్టిక్‌ది అడగండి, ఎందుకంటే పాసు పడ్డ రేకు ముందు తుప్పు పడుతుంది.

వెల్డింగ్ షాపులో చేయించేవాళ్లు మూడు విషయాలు ముందే చెప్పాలి. ఊచల మధ్య సందు అంగుళానికి మించకూడదు, మించితే చిన్న పిల్ల తల ఇరుక్కుంటుంది. వెల్డింగ్ చేసిన చోటల్లా గ్రైండింగ్ చేయించాలి. అడుగున జాలీ వద్దు, గోళ్లు, వేళ్లు ఇరుక్కుంటాయి, గట్టి పలక కావాలి. రంగు వేయిస్తే పూర్తిగా ఆరి వాసన పోయేదాకా ఇంట్లోకి తేకండి. పిల్ల మొదట చేసే పని ఊచలు నాకడం.

ఎక్కడ పెట్టాలి

ఈ ప్రాంతంలో సగం పని ఇదే. ఉత్తర దేశపు చలికి రాసిన సలహాలు చదివి క్రేట్ మీద దుప్పటి కప్పి ఓ మూల పెడితే మన దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకి మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చి, ఆ తడి ఆరడంతోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలోనే తేమ ఎక్కువుంటే ఆ తడి తొందరగా ఆరదు. అందుకే పొడి ప్రాంతంలో తట్టుకునే ఎండ వేడిని కూడా కోస్తా ఉక్కలో పిల్ల తట్టుకోలేదు. పగ్ లాంటి చప్పిముక్కు జాతులకి ఇంకా కష్టం.

పగలు క్రేట్ హాల్లో, మనుషులు మసలే చోట, ఫ్యాను గాలి తగిలేలా ఉండాలి. ఫ్యాను గాలి సూటిగా మొహాన కొట్టకుండా పక్కనుంచి పోయేలా చూడండి. ఏసీ కింద నేరుగా పెట్టకండి. పడమటి కిటికీ పక్కన వద్దు, మధ్యాహ్నం దాటాక ఎండ అక్కడికే వస్తుంది. రేకుల షెడ్డు, మేడ మెట్ల కింద గది, ఎండ పడే వసారా పనికిరావు. పెంకుటింటి నడవా అయితే చక్కగా సరిపోతుంది. కరెంటు పోయే వేళల్లో ఇంట్లో ఎవరూ లేకుండా తలుపు వేసి వెళ్లకండి. ఇన్వర్టరు ఉన్నా దానికి ఏ ఫ్యాను కలిపారో ఒకసారి చూసుకోండి.

విపరీతంగా వగర్చడం, చొంగ చిక్కగా తీగలు సాగడం, నాలుక ముదురు ఎరుపెక్కడం, తూలడం కనిపిస్తే వడదెబ్బ తగిలినట్టే. వెంటనే బయటికి తీసి ఒంటి మీద కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చీమల సంగతి. తిన్న గిన్నె లోపలే వదిలేస్తే అరగంటలో బారులు తీరతాయి, నిద్రపోతున్న పిల్లని కుడతాయి. ఆ తర్వాత అది క్రేట్‌లోకి అడుగు పెట్టనంటే మీకు కారణం కూడా అంతుపట్టదు. తినడం కాగానే గిన్నె తీసి, ట్రే తడిగుడ్డతో తుడవండి. చీమల చాక్‌పీసు గీతలు పిల్ల దగ్గర గీయకండి, అది పురుగుమందు, నాకేస్తుంది. క్రేట్‌ని నాలుగు ఇటుకల మీద కదలకుండా నిలబెట్టి, ఒక్కో ఇటుక కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోస్తే చాలు. ఆ నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. దోమలకి క్రేట్ మీద పల్చటి తెర వేయండి, అంచులు లోపలికి లాక్కోకుండా బయట క్లిప్పులు పెట్టండి. దోమల చక్రం పక్కనే వెలిగించవద్దు.

పరుపు విషయంలో ఖర్చు పెట్టకండి. పాత నూలు లుంగీ రెండు మడతలు చాలు. ఉతికితే గంటలో ఆరుతుంది, వానాకాలంలో అదే గొప్ప. గోనెసంచి, కొబ్బరిపీచు చాప మాత్రం వద్దు. పిల్ల పీచులు పీకి మింగుతుంది, అవి పేగుకి అడ్డం పడతాయి. తోటలో కొబ్బరి డొక్క దొరికితే నమలడం దానికి మహా సరదా. అది కూడా మీరు పక్కన కూర్చుని చూస్తున్నప్పుడే, అదీ కాసేపే. క్రేట్ లోపల అసలే వద్దు.

మొదటి మూడు నాలుగు రోజులు: తలుపు ముట్టుకోవద్దు

తలుపు వెనక్కి తీసి తాడుతో కట్టేయండి. గాలికి దభాలున కొట్టుకుంటే మొదటికే మోసం. మెడ పట్టీ తీసేయండి, ఊచలకి తగులుకుని ఉరిపడే ప్రమాదం ఉంది. క్రేట్‌లో ఉన్నంతసేపూ ఎప్పటికీ ఇదే నియమం.

ఉడికించిన కోడిమాంసం ఎముక లేకుండా శనగ గింజంత ముక్కలు చేసుకోండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. కోడిగుడ్డు ఉడికించి చిదిపినా సరే. ఎండు రొయ్యలకి ఎగబడుతుంది గానీ అందులో ఉప్పెక్కువ, అవి వద్దు. ఒక ముక్క గుమ్మం బయట వేయండి, తర్వాత గుమ్మం మీద, తర్వాత జానెడు లోపల, చివరికి వెనక గోడ దగ్గర. పిల్లని ఎత్తి లోపల పెట్టకండి, వెనకనుంచి తోయకండి. ముందు కాళ్లు లోపలికీ, వెనక కాళ్లు బయటికీ పెట్టి మెడ సాగదీసి ముక్క అందుకుని చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది చూడండి, అదింకా భయపడుతోందని గుర్తు. ఆ దశలో ముక్కని ఇంకా లోపలికి జరపకుండా అక్కడే పదిసార్లు వేయండి. వెనక కాళ్లు కూడా ఎక్కి, తోక వదులై, లోపలే నమలడం మొదలుపెట్టాకే ముందుకెళ్లాలి.

ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు, రోజుకి ఐదారుసార్లు. అరగంట ఏకబిగిన చేస్తే విసుగొస్తుంది. ఆకలి వేళ చేయండి, కడుపు నిండాక ఎంత పిలిచినా లాభం లేదు. లోపలికి వెళ్లేటప్పుడు ఒకే మాట వాడాలి. "లోపలికి" అనండి, "గూట్లోకి" అనండి, ఏదైనా ఫర్వాలేదు. అమ్మమ్మ ఒకటీ, పిల్లలు ఒకటీ అంటేనే చిక్కు.

ఈ రోజుల్లోనే భోజనం కూడా లోపలికి మార్చండి. రెండు నెలల పిల్లకి రోజుకి నాలుగుసార్లు, మూడు నెలలు దాటాక మూడుసార్లు పెట్టాలి. మొదటి పూట గిన్నె గుమ్మం దగ్గర, పూటపూటకీ కొంచెం లోపలికి. పాలన్నం అలవాటున్న ఇళ్లలో ఒక జాగ్రత్త. చాలా కుక్కపిల్లలకి ఆవుపాలు, గేదెపాలు అరగక విరేచనాలవుతాయి. విరేచనాలవుతున్న పిల్లకి క్రేట్ నేర్పడం కుదరదు.

తలుపు మూయడం

పిల్ల గిన్నెలో మూతి పెట్టి తింటున్నప్పుడు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేయండి, గడియ వద్దు. తినడం అయ్యేలోపే తీసేయండి. మూడు పూటలు ఇలా జరిగాక గడియ పెట్టండి, తినడం అయ్యాక పది సెకన్లు ఆగి తీయండి. తర్వాత అర నిమిషం, ఒక నిమిషం, మూడు నిమిషాలు. మీరు పక్కనే పీట వేసుకుని కూర్చోండి. ఐదు నిమిషాలు నిమ్మళంగా ఉంటే లేచి గుమ్మం దాకా వెళ్లి రండి. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగి రండి.

ప్రతిసారీ సమయం పెంచుకుంటూ పోకండి. ఐదు నిమిషాల తర్వాత రెండు, తర్వాత ఏడు, తర్వాత మూడు, ఇలా కలగలిపి చేయండి. పోనుపోనూ కష్టమే అవుతుందని పిల్ల కనిపెట్టేస్తే లోపలికి వెళ్లడానికే మొరాయిస్తుంది.

పది నిమిషాలు దాటాక నమలడానికి ఏదైనా ఇవ్వాలి. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలు పెట్ షాపుల్లో దొరుకుతాయి. అందులో పోపు, ఉప్పు లేని పెరుగన్నం కూరి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది, ఎండాకాలం ఒళ్లు కూడా చల్లబడుతుంది. ఇది క్రేట్‌లోనే దొరకాలి, బయట ఎక్కడా ఇవ్వకూడదు.

తలుపు తీసేటప్పుడు హడావుడి చేయకండి. "నా బంగారం, ఎంతసేపయిందో" అని మీరు ముద్దు చేస్తే లోపల ఉండటం కంటే బయటికి రావడమే పండగ అని నేర్చుకుంటుంది. ముచ్చట్లన్నీ లోపల ఉన్నప్పుడు, బయటికి రావడం మామూలుగా.

ఎంతసేపు ఉంచవచ్చు

పగటిపూట రెండు నెలల పిల్లని గంటకి మించి ఉంచకండి. మూడు నెలలకి రెండు గంటలు, నాలుగు నెలలకి మూడు, ఆర్నెల్లకి నాలుగు దాకా. ఇవి పైహద్దులు, రోజూ అంతసేపు ఉంచాలని కాదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇల్లైతే మధ్యాహ్నం ఒకరు వచ్చి తీయాలి. అది కుదరకపోతే క్రేట్ తలుపు తెరిచి, చుట్టూ నాలుగడుగుల జాలీ కంచె కట్టి, దూరంగా ఒక మూల కాగితాలు పరిచి వెళ్లండి. పది గంటలు బోనులో పెట్టి "ట్రైనింగ్" అంటే మాత్రం అది ట్రైనింగ్ కాదు.

పిల్ల రోజులో 18 గంటల దాకా నిద్రపోతుంది. కాబట్టి లేవగానే పెరట్లోకి, తర్వాత తిండి, తిన్న పావుగంటకి మళ్లీ పెరట్లోకి, అరగంట ఆట, కళ్లు మూతలు పడుతుంటే క్రేట్. ఈ చక్రమే పొద్దస్తమానం తిరుగుతుంది. పెరట్లో ఎప్పుడూ ఒకే చోటికి తీసుకెళ్లి, పని కాగానే అక్కడే ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే దేనికిచ్చారో దానికి తెలీదు. టీకాలు పూర్తయ్యేదాకా రోడ్డు మీదికి, కాలవగట్టు మీదికి దింపకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఇతర కుక్కల మలం పడిన మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలయ్యే ఆ టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు దాకా పడాలి. అపార్ట్‌మెంటు వాళ్లు బాల్కనీలో ట్రేలో మట్టి పోసి సర్దుకోవాలి.

రాత్రిళ్లు

మొదటి వారం క్రేట్ మీ మంచం పక్కనే ఉండాలి. హాల్లో ఒంటరిగా వదలకండి. నిన్నటిదాకా తల్లి పొట్టకి ఆనుకుని, తోడబుట్టినవాటి మధ్య పడుకున్న పిల్ల అది. చెయ్యి కిందికి జార్చితే మీ వేళ్ల వాసన తగిలేంత దగ్గరుంటే సగం ఏడుపు ఉండదు. తెచ్చేటప్పుడు తల్లి పడుకున్న గుడ్డ ముక్క అడిగి తెచ్చుకుంటే ఇంకా మంచిది. అలవాటయ్యాక రోజుకి రెండడుగుల చొప్పున మీకు కావాల్సిన చోటికి జరపవచ్చు.

సాయంత్రం 7 గంటలకి చివరి తిండి, 10.30కి చివరిసారి పెరట్లోకి. నీళ్లు మాత్రం ఎండాకాలంలో ఆపకండి. అలారం ఒంటిగంటన్నరకి, నాలుగున్నరకి పెట్టుకోండి. ఏడ్చాక తీస్తే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది, ఏడవకముందే లేపితే ఆ పాఠమే ఉండదు. గొలుసు వేసి బయటికి, మాటల్లేవు, ఆటల్లేవు, ఐదు నిమిషాలు, మళ్లీ లోపలికి. రెండు మూడు రాత్రులు తడపకుండా గడిస్తే అలారం పావుగంట ఆలస్యంగా పెట్టండి. నాలుగు నెలలు వచ్చేసరికి చాలా పిల్లలు తెల్లారేదాకా ఆగుతాయి.

రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు టార్చి, కాళ్లకి బూట్లు తప్పనిసరి. కట్లపాము, రక్తపింజరి ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి. పిల్ల ముక్కు నేలకి ఆనించి పొదల్లో దూర్చేస్తుంది. కొబ్బరి డొక్కల గుట్ట, కట్టెల మోపు ఉన్న వైపుకి వెళ్లనివ్వకండి. చుట్టూ గడ్డి కోయించిన గజం జాగాలో లైటు వేయించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

ఏడుపు

అన్ని ఏడుపులూ ఒకటి కాదు. తలుపు వేసిన రెండు నిమిషాలకి కుయ్ కుయ్ మని, మధ్యమధ్యలో ఆగి మీరొస్తున్నారా లేదా అని చెవులు నిక్కించి వింటుంటే అది పేచీ. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. ఒక్క ఊపిరి సేపు ఏడుపు ఆగిన క్షణంలో మాట్లాడండి, లేదా తీయండి. అప్పటిదాకా హాయిగా నిద్రపోయి హఠాత్తుగా లేచి నేల వాసన చూస్తూ చుట్టూ తిరుగుతూ ఏడిస్తే అది పాసు. వెంటనే తీసుకెళ్లండి. ఏదో తేల్చుకోలేకపోతే పాసుకే తీసుకెళ్లండి, పని చేయకపోతే ఐదు నిమిషాల్లో తిరిగి లోపల పెట్టేయండి.

మూడోది వేరు. చొంగతో గడ్డం తడిసిపోవడం, ఊచలు కొరికి చిగుళ్ల నుంచి రక్తం, గోళ్లు విరిగేలా గీకడం, ఇరవై నిమిషాలు దాటినా తగ్గకపోవడం, లోపలే విరేచనం. ఇది భయం, మొండితనం కాదు. "ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందిలే" అనే సలహా ఇక్కడ ఎవరిచ్చినా వినకండి. తలుపు తీసేసి, జాలీ కంచె వాడుకుంటూ, మొదటి రోజు పద్ధతికి తిరిగి రండి. వారం పది రోజులకీ మార్పు లేకపోతే పశువైద్యుడికి చూపించాలి.

లోపలే తడిపేస్తుంటే

ముందు అడ్డు పలక ముందుకి జరిపి చూడండి. ఉంచే సమయం తగ్గించండి. మందపాటి పరుపు ఉంటే తీసేయండి, తడి పీల్చేస్తుంటే పిల్లకి ఇబ్బంది తెలీదు. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, పరీక్ష చేయించండి. నులిపురుగుల మందు వేళకి పడిందో లేదో కార్డు చూసుకోండి. ఇవేవీ కాకపోతే అది ఎక్కడ పెరిగిందో గుర్తు చేసుకోండి. చిన్న బోనులో తన మలం మీదే పడుకుని పెరిగిన పిల్లకి పడుకునే చోటు తడపకూడదన్న సహజ బుద్ధి మొద్దుబారిపోతుంది. అలాంటిదాన్ని నెలపాటు పగలు గంటగంటకీ పెరట్లోకి తిప్పాలి, దగ్గరిదారి లేదు.

తడిసిన ట్రేని సబ్బు నీళ్లతో కడిగి, వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడిచి, ఎండలో ఆరబెట్టండి. ఫినాయిల్ వాడకండి. పాదాలకి అంటుకున్నది నాకితే హాని. అమ్మోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, ఆ వాసన పాసు వాసనలా తోచి మళ్లీ అక్కడే పోస్తుంది. తిట్టడం, మూతి తడిలో రుద్దడం వల్ల మీకు కనపడకుండా పోయడం తప్ప ఇంకేమీ నేర్చుకోదు.

ఇంట్లోవాళ్లకి చెప్పాల్సినవి

కోపమొచ్చి క్రేట్‌లో పెట్టి తలుపు వేయడం ఎవరూ చేయకూడదు. లోపల పడుకున్నప్పుడు పిల్లలు చేతులు పెట్టకూడదు, పుల్లతో పొడవకూడదు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, బయట మైకులు, పుంజుల గోల ఉన్న వారంలో ఈ పని మొదలుపెట్టకండి. పండగ వెళ్లాక మొదలుపెట్టండి. అప్పటికే అలవాటై ఉంటే మాత్రం భోగి నాడూ, దీపావళి టపాసుల వేళా అదే దానికి దాక్కునే చోటు. ఆ రోజు తలుపు తెరిచే ఉంచి, ఇంటి లోపలి గదిలోకి జరిపి, మూడు వైపులా పల్చటి పంచె కప్పండి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారతాయి. చిగుళ్లు సలిపి, బుద్ధిగా ఉండే పిల్ల కూడా ఊచలు కొరకడం, లుంగీ చింపడం చేస్తుంది. నేర్చుకున్నది పోయిందనుకోకండి, నమిలే బొమ్మలు పెంచి, చిరిగిన గుడ్డ తీసేసి వట్టి ట్రే మీద పడుకోనివ్వండి. ఏడాది దాటి, ఇల్లు పాడుచేయకుండా ఉంటే తలుపు ఊడదీసి క్రేట్‌ని అక్కడే ఉంచేయండి. ఆ తలుపు పారేయకండి, ఆపరేషన్ చేయించినా, కాలు బెణికి కదలకుండా ఉంచాల్సి వచ్చినా మళ్లీ బిగించాల్సి వస్తుంది.